టారెంటం అర షెకెల్: బొమ్మలు గ్రీకువి, తూకం కార్తేజ్‌ది

మీ ప్రశ్న ఇది. డాలస్‌లో ఉంటూ మొదటిసారి ఒక పాత గ్రీకు వెండి నాణెం కొందామనుకుంటున్నారు. వేలం లిస్టులో ఒకదాని కింద "టారెంటం, కార్తేజ్ ఆక్రమణ, క్రీ.పూ. 212–209, అర షెకెల్, అరుదైనది" అని ఉంది. ఫొటో చూస్తే ఒకవైపు గుర్రం మీద రౌతు, ఇంకోవైపు డాల్ఫిన్ మీద కూర్చున్న కుర్రాడు, రాతలన్నీ గ్రీకు. కార్తేజ్ జాడ ఎక్కడా లేదు. మరి అది కార్తేజ్ కాలం నాటిదని ఎలా చెప్పగలుగుతున్నారు, "అరుదైనది" అనేది ధర పెంచడానికి తగిలించిన మాటా అని అడిగారు. చివర్లో, డబ్బు పెట్టొచ్చా అని కూడా.

కార్తేజ్ (రోమ్‌తో పోరాడిన ఉత్తర ఆఫ్రికా నగరం, షెకెల్ దాని వెండి నాణెం) జాడ ఉంది. అది తూకంలో ఉంది. లిస్టులో ఫొటో కింద 3.4 గ్రాములనో 3.6 గ్రాములనో రాసి ఉంటుంది చూడండి, అసలు సాక్ష్యం అదే.

టారెంటం అంటే ఇప్పటి టారాంటో, ఇటలీ బూటుకి మడమ, అరికాలు కలిసే చోట ఉన్న రేవు. స్పార్టా నుంచి వలస వచ్చిన గ్రీకుల ఊరు. వాళ్ల పెద్ద వెండి నాణెం పేరు నోమోస్. మొదట్లో అది 8 గ్రాములకు కాస్త తక్కువ తూగేది. రోమ్ మీద పోరుకి పిర్రస్ రాజుని పిలిపించుకున్న రోజుల్లో, అంటే క్రీ.పూ. 280 ప్రాంతంలో, 6.5 గ్రాములకు దించారు. బరువు తగ్గినా బొమ్మలు మారలేదు: బొమ్మ వైపు రౌతు, బొరుసు వైపు డాల్ఫిన్ సవారీ చేసే తారాస్ (ఊరికి పేరిచ్చిన పురాణ వీరుడు), డాల్ఫిన్ కింద ఊరి పేరు, గుర్రం పొట్ట కింద ఊరి అధికారి పేరు. నోమోస్‌లో సగం విలువ గల డ్రాక్మా కూడా ఉండేది, దాని మీద బొమ్మలు వేరు: అథీనా తల, గుడ్లగూబ. అంటే ఆ ఊళ్లో సంతకి వెళ్లే మనిషి చదువు రాకపోయినా బొమ్మని బట్టి ఏది పెద్దదో ఏది చిన్నదో గుర్తుపట్టేవాడు.

మీరు చూస్తున్న నాణెంలో ఆ లెక్క తప్పింది. బొమ్మలు పెద్ద నాణేనివి, బరువేమో సుమారు మూడున్నర గ్రాములు. క్రిటోస్, సెరాంబోస్, సోకన్నాస్ లాంటి అధికారుల పేర్లతో వచ్చే ఈ గుంపు అంతా ఇలాగే తూగుతుంది. అందుకే కొన్ని పాత కేటలాగుల్లో దీన్ని "తగ్గించిన నోమోస్" అని రాస్తారు. యుద్ధం, వెండి కరువు, ఊరివాళ్లే బరువు కోసేశారు అని వాళ్ల వాదన. ఆ ఊరొక్కదాన్నే చూస్తే అది నమ్మదగ్గదే. టారెంటం అంతకు ముందు ఒకసారి కోసింది కదా, ఇంకోసారి కోయకూడదని ఏముంది?

నేను ఆ వాదన వైపు మొగ్గకపోవడానికి కారణం మిగతా రెండు ఊళ్లు. టారెంటానికి పడమరగా, అదే గల్ఫ్ ఒడ్డున మెటాపాంటం ఉంది. వాళ్ల గుర్తు బార్లీ కంకి, క్రీ.పూ. ఆరో శతాబ్దం నుంచీ దాన్నే వేస్తూ వచ్చారు, ఆ రోజుల్లో నాణెం దాదాపు 8 గ్రాములు. కార్తేజ్ సేనాని హన్నిబాల్ రోమ్‌తో చేసిన యుద్ధంలో వాళ్లు వేసిన వెండి నాణెం మీద ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న అథీనా, ఇంకోవైపు అదే కంకి, పక్కన మెటా అనే నాలుగు గ్రీకు అక్షరాలు. తూకం? మళ్లీ మూడున్నర గ్రాముల దగ్గరే. దానిలో సగం తూగే చిన్నది కూడా వేశారు. ఇక సముద్రం దాటి సిసిలీకి రండి. గ్రీకులు అక్రాగాస్ అన్న ఊరు, రోమన్ల అగ్రిజెంటం. క్రీ.పూ. 213–210 మధ్య అక్కడ వేసిన వెండి మీద ఒకవైపు జియస్ తల, రెండోవైపు రెక్కలు విప్పిన గద్ద, చుట్టూ "అక్రాగాస్ పౌరులది" అని అర్థం వచ్చే గ్రీకు మాట. అదీ మూడున్నర గ్రాములకు అటూ ఇటూ, దానికీ సగం నాణెం ఉంది. ఆ ఏళ్లలో కార్తేజ్ సొంత షెకెల్ 7 గ్రాముల పైచిలుకు, అందులో సగం ఎంతో మీరే వేసుకోండి. కార్తేజ్ సైన్యం తన సొంత గుర్రం బొమ్మ వేసి, దక్షిణ ఇటలీలోనూ సిసిలీలోనూ కొట్టిన అర షెకెళ్లు కూడా ఇదే బరువు.

మూడు వేర్వేరు ఊళ్లు, మధ్యలో సముద్రం. ఆ ముగ్గురూ అవే నాలుగైదేళ్లలో, ఎవరికి వారు వెండి కరువొచ్చి, సరిగ్గా ఒకే బరువుకి కోసుకున్నారంటే నేను నమ్మలేను. ఆ మూడు ఊళ్లకీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: కార్తేజ్ సేన. కాబట్టి లిస్టులో "అర షెకెల్" అని రాసినవాళ్లు సరిగ్గానే రాశారు.

అయితే "ఆక్రమణ" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. కేటలాగు వాళ్లకి ఒక్క మాటలో చెప్పాలి కాబట్టి వాడేస్తారు. జరిగింది అంత సులువుగా లేదు.

క్రీ.పూ. 216లో కానే దగ్గర రోమన్ సేన ఊచకోతకి గురయ్యాక దక్షిణ ఇటలీలో ఒక్కో ఊరూ హన్నిబాల్ వైపు తిరగడం మొదలుపెట్టింది. టారెంటం మాత్రం వెంటనే తిరగలేదు, లోపల రోమన్ దండు ఉంది. పైగా టారెంటం, తూరీ ఊళ్ల పెద్దింటి మనుషులు రోమ్‌లో బందీలుగా ఉన్నారు. 212లో ఆ బందీలు పారిపోబోయి దొరికిపోయారు. రోమన్లు వాళ్లని కొరడాలతో కొట్టి కొండ మీంచి తోసి చంపారు. ఇక ఊళ్లో ఓపిక చచ్చిపోయింది. నికాన్, ఫిలెమెనస్ అనే ఇద్దరి నాయకత్వంలో ఓ కుర్రాళ్ల గుంపు హన్నిబాల్‌తో మంతనాలు మొదలుపెట్టింది. ఫిలెమెనస్‌కి వేట పిచ్చి. రాత్రిళ్లు వేటకని బయటకు వెళ్లి, వచ్చేటప్పుడు కొట్టుకొచ్చిన మాంసంలో కొంత రోమన్ అధికారికీ కాపలావాళ్లకీ పంచేవాడు. కొన్నాళ్లకి అతని ఈల వినపడితే చాలు, తలుపు తీసేసేవాళ్లు. ఆఖరి రాత్రి పెద్ద అడవిపందిని మోయించుకొచ్చాడు. కాపలావాడు వంగి దాన్ని తడిమి చూస్తుండగా పొడిచేశారు, వెనకే ఆఫ్రికా సైనికులు లోపలికొచ్చారు.

నాణేనికి అసలు సంగతి ఆ రాత్రి కంటే ముందు కుదిరిన ఒప్పందంలో ఉంది. పాతకాలపు చరిత్రకారులు పాలిబియస్, లివీ ఇద్దరూ దాన్ని చెప్పారు: టారెంటం స్వతంత్రంగా ఉంటుంది, తన చట్టాలు తనవి, కార్తేజ్‌కి కప్పం కట్టనక్కర్లేదు, ఊళ్లోని రోమన్ల ఇళ్లూ సొత్తూ మాత్రం కార్తేజ్ వాళ్లవి. తెల్లారాక హన్నిబాల్ ఊరివాళ్లని పోగుచేసి, ఇంటికెళ్లి తలుపు మీద "టారెంటం వాడిది" అని రాసుకోమన్నాడు. రాత లేని ఇల్లు దోపిడీకి. రోమన్ బస మీద ఎవడైనా ఆ మాట రాస్తే వాడికి మరణశిక్ష.

ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టుకుని మీ నాణెం మళ్లీ చూడండి. ఊరి పేరు ఊరిదే, అధికారి పేరు ఊరి మనిషిదే, రౌతూ డాల్ఫినూ ఎప్పటివే. హన్నిబాల్ బొమ్మ లేదు, ప్యూనిక్ (కార్తేజ్ వాళ్ల భాష) అక్షరం లేదు. కప్పం అడగనని మాటిచ్చిన ఊళ్లో తన గుర్రం బొమ్మ కొట్టించడం తెలివైన పని కాదు, అతనికది బాగా తెలుసు. గ్రీకు ఊళ్లకి "మిమ్మల్ని రోమ్ నుంచి విడిపించడానికి వచ్చాను" అనేది అతని ప్రచారం. కానీ జీతాలివ్వాలి. లిబియా, స్పెయిన్, గాల్, నుమిడియా నుంచి వచ్చిన కిరాయి సైనికుడికి ఏ ఊళ్లో ఇచ్చినా ఒకే లెక్క రావాలి. బొమ్మ ఊరికి, బరువు దండుకి. ఈ ఏర్పాటు రాతపూర్వకంగా ఎక్కడా దొరకదు, ఇది నాణేల నుంచి లాగిన నిర్ధారణ. ఇంతకంటే పొందికైన వివరణ మాత్రం నాకు కనపడలేదు.

వెండి అవసరం కూడా మామూలుది కాదు. ఊరు చేతికొచ్చింది కానీ రేవు ముఖద్వారం మీదున్న కోట రోమన్ల చేతిలోనే ఉండిపోయింది, ఊరు మళ్లీ వాళ్ల చేతికి వచ్చేదాకా దాన్ని వాళ్లు వదల్లేదు. టారెంటం ఓడలు లోపలి రేవులో ఇరుక్కుపోయాయి. హన్నిబాల్ వాటిని బళ్ల మీదకెక్కించి, ఊరి నడివీధిలోంచి లాగించి, అవతలి సముద్రంలో దింపించాడు. అంటే మీరు చూస్తున్న నాణెం సగం ముట్టడిలో ఉన్న ఊళ్లో అచ్చయింది. గోడకి ఇటు వీళ్లు, అటు రోమన్లు. ఒక్కోసారి అచ్చు పక్కకి జారి త్రిశూలం కొసో గుర్రం మూతో తెగిపోయి కనిపిస్తే విసుక్కోకండి. టారెంటం మంచి రోజుల్లో చెక్కిన అచ్చుల నాణ్యత వీటిలో వెతకొద్దు.

కథ ముగిసిన తీరే వీటి అరుదుదనానికి కారణం. 209లో రోమన్ సేనాని ఫేబియస్ మాక్సిమస్ మళ్లీ మోసంతోనే ఊరిని పట్టాడు. కాపలాకి హన్నిబాల్ పెట్టిన బ్రెట్టియన్ (దక్షిణ ఇటలీలోని ఒక జాతి) దళనాయకుడు ఊళ్లో ఒకమ్మాయి మీద మనసు పడ్డాడు, ఆమె అన్నేమో ఫేబియస్ సేనలో ఉన్నాడు, మిగతాది మీరు ఊహించుకోవచ్చు. నికాన్ ఆ రోజే చచ్చిపోయాడు. లివీ లెక్కలో 30,000 మంది బానిసలయ్యారు. దోచిన సొత్తు జాబితాలో అతను వెండి సామాన్లతో పాటు అచ్చు వేసిన వెండి కూడా గుట్టలుగా దొరికిందని రాశాడు. ఆ అచ్చు వేసిన వెండిలో మన అర షెకెళ్లు బోలెడు ఉండి ఉండాలి. అవి రోమన్ ఖజానాకి వెళ్లాక ఏమవుతాయి? చాలావరకు మూసలోకి పోయి ఉండాలి. మూడేళ్లు మాత్రమే వేయడం, ఆపైన కరిగిపోవడం, ఈ రెండూ కలిసి ఇప్పుడు మిగిలినవి కొద్ది.

మెటాపాంటం ముగింపు ఇంకో రకం. ఆ ఊళ్లోని రోమన్ దండుని టారెంటం కోట కాపాడ్డానికి పడవల్లో తరలించేశారు. దండు వెళ్లగానే ఊరు హన్నిబాల్ వైపు తిరిగింది. ఇది 212లో. కొన్ని కేటలాగుల్లో ఈ నాణేలకి 215 అని వేస్తారు, లివీ కథనంతో అది పొసగదు, నేనైతే 212 నుంచే లెక్కేస్తాను. 207లో మెటారస్ నది దగ్గర తమ్ముడు హస్డ్రూబల్ చనిపోయాక హన్నిబాల్ దక్షిణానికి తగ్గిపోతూ, రోమన్ల చేతిలో పడకుండా మెటాపాంటం జనాన్ని మొత్తంగా లేపి ఇటలీ బూటు బొటనవేలి దగ్గరున్న బ్రట్టియంకి తీసుకుపోయాడు. మూడు వందల ఏళ్లకు పైగా కంకి బొమ్మ వేసిన ఊరు, దాని చివరి వెండి ఇదే. నన్నడిగితే ఈ మూడింట్లో మెటాపాంటం నాణెమే బాగుంటుంది. చెక్కడం మరీ గొప్పగా ఏమీ ఉండదు, ఆ కంకి మాత్రం చేతిలో పెట్టుకుంటే ఇంకా గింజ గింజగా లెక్కపెట్టొచ్చు.

అగ్రిజెంటంకి మాత్రం "ఆక్రమణ" అన్న మాట బాగా నప్పుతుంది. 213లో కార్తేజ్ సేనాని హిమిల్కో 25,000 మంది కాల్బలం, 3,000 గుర్రాలు, 12 ఏనుగులతో సిసిలీలో దిగి ఊరిని పట్టుకున్నాడని లివీ లెక్క. అక్కడినుంచి అది కార్తేజ్ సేనకి స్థావరం. పాపం ఆ ఊరికి ఇది కొత్త కాదు: క్రీ.పూ. 406లో కార్తేజ్ వాళ్లే నేలమట్టం చేశారు, మొదటి ప్యూనిక్ యుద్ధంలో ఒకసారి రోమన్లు, ఒకసారి కార్తేజ్ వాళ్లు ధ్వంసం చేశారు. అయినా నాణెం మీద జియస్, గద్ద, పౌరుల పేరు. ఇక్కడా ఊరికి కనీసం ఆ మర్యాద దక్కింది. ముగింపు కూడా మోసమే. ముట్టినెస్ అనే సమర్థుడైన గుర్రపు దళనాయకుడిని, అతను అసలు కార్తేజ్ జాతివాడు కాదన్న చులకనతో, సేనాని హాన్నో పదవి నుంచి తీసేశాడు. అతను 210లో ఊరి ద్వారం రోమన్ సేనాని లేవినస్‌కి తెరిచేశాడు. ఊరి పెద్దల తలలు నరికారు, మిగతావాళ్లని అమ్మేశారు, ముట్టినెస్‌కి రోమన్ పౌరసత్వం వచ్చింది.

ఇవి చూస్తుంటే వేలాల్లో పక్కపక్కనే వచ్చే వేరే నాణేలు మిమ్మల్ని తికమక పెడతాయి. బ్రెట్టియన్ల వెండి, బంగారం చాలా అందంగా ఉంటాయి, అవి హన్నిబాల్ మిత్రుల నాణేలు, వాళ్ల జాతి పేరే రాసి ఉంటుంది, వెండిది మన అర షెకెల్ కంటే బరువు. సిసిలీలోని సిరక్యూజ్ 214–212 వెండి కూడా రోమ్‌కి ఎదురు తిరిగిన ఊరిదే కానీ అక్కడ తూకాలు వాళ్ల సొంతం. ఇటలీలోని కాపువా ఊరి పేరుతో అమ్మే చిన్న ఎలెక్ట్రమ్ నాణెం ఒకటుంది, బంగారం వెండి కలిసిన లోహం, రెండు ముఖాల తల ఒకవైపు, నాలుగు గుర్రాల రథంలో జియస్ ఇంకోవైపు. రోమన్ల అప్పటి వెండి నాణెం రథం బొమ్మని తీసుకుని కార్తేజ్ వాళ్లు వేసినది అది. కాపువాలోనే వేశారా, బ్రట్టియంలోనా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఆసక్తికరమే, మీరు అడిగినది అది కాదు.

ఇంకో మాట, ఇది మన నేలకి తగిలేది కాబట్టి. ఈ యుద్ధం మధ్యలోనే, రోమన్ల పాత వెండి కల్తీ అయ్యి పరువు పోయాక, దెనారియస్ అనే కొత్త రోమన్ వెండి నాణెం పుట్టింది. తులానికి ఇన్ని అన్నట్టు రోమన్ పౌనుకి 72, ఒక్కోటి నాలుగున్నర గ్రాములు. అది ఎప్పుడు మొదలైందన్న దాని మీద పెద్ద రగడ ఉండేది. రోమన్ రచయిత ప్లినీ మాట పట్టుకుని క్రీ.పూ. 269 అనేవాళ్లు, 187 అనేవాళ్లూ ఉండేవాళ్లు. తగువు తీర్చింది సిసిలీలోని మొర్గాంటీనా. అది కూడా కార్తేజ్ వైపు తిరిగిన ఊరే, 211లో రోమన్లు పట్టుకుని స్పెయిన్ కిరాయి సైనికులకి ఇచ్చేశారు. అమెరికన్ తవ్వకాల్లో ఆ విధ్వంసపు పొర కింద దెనారియస్ కుటుంబానికి చెందిన చిన్న నాణేలు కొత్తవిగా, అరగకుండా దొరికాయి. అంటే 211కి అవి ఉన్నాయి, కొత్తగా ఉన్నాయి. ఆ దెనారియస్సే రెండు శతాబ్దాలు దాటాక అగస్టస్, టిబేరియస్ బొమ్మలతో ఓడలెక్కి దక్కనుకొచ్చింది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో వెయ్యికి పైగా ఒకేచోట దొరికాయి. గెలిచినవాడి నాణెం మన తెలంగాణ దాకా వచ్చింది. ఓడినవాడి అర షెకెల్ ఆ దక్షిణ ఇటలీ, సిసిలీ చుట్టుపక్కలే ఆగిపోయింది.

ఇక డబ్బు సంగతి. "అరుదైనది" అబద్ధం కాదు, కానీ ఆ మాటకి మీరు అనుకునే అర్థం లేదు. టారెంటం పాత నోమోస్‌లతో పోలిస్తే ఇవి చాలా తక్కువ. అయినా మంచి వేలం సంస్థల పాత రికార్డులు వెతికితే టారెంటం, మెటాపాంటం అర షెకెళ్లు మళ్లీ మళ్లీ కనిపిస్తూనే ఉంటాయి. ఇదొక్కటే ఉంది, ఇప్పుడు వదిలితే మళ్లీ రాదు అన్న టెన్షన్ పెట్టుకోకండి. పావు షెకెళ్లు, అగ్రిజెంటంవి మాత్రం నిజంగా ఓపిక పట్టాల్సినవి. ఒకే రకంలో అధికారి పేరుని బట్టి కూడా తేడా ఉంటుంది, ఒక పేరు తరచూ వస్తుంది, ఇంకోటి ఎప్పుడో గానీ రాదు. కాబట్టి అమ్మేవాడు "అరుదైనది" అంటే ఏది అరుదు, ఊరా, విలువా, పేరా అని అడగండి. జవాబు చెప్పగలిగినవాడి దగ్గర కొనొచ్చు.

అసలుదా కాదా అన్నదానికి ముందు తూకం. 3 గ్రాముల కంటే బాగా తక్కువుంటే రెండు అవకాశాలు: బాగా అరిగి తినేసినదైనా కావాలి, లేదా లోపల రాగి పెట్టి పైన వెండి తొడుగు వేసిన ఆనాటి దొంగ నాణెమైనా కావాలి. రెండో రకంలో అంచు దగ్గరో, ఎత్తుగా ఉన్న గుర్రం తొడ దగ్గరో పొర లేచి ఆకుపచ్చగా కనిపిస్తుంది. అలాంటివి సేకరించేవాళ్లూ ఉన్నారు, ఆ సంగతి చెప్పి ఆ ధరకి అమ్మితే తప్పేం లేదు. 4 గ్రాములు బాగా దాటితే అసలు లిస్టులో పేరే తప్పు అయ్యుండాలి.

తర్వాత అంచు ఫొటో అడగండి, చాలామంది అడగరు. చేత్తో కొట్టిన నాణెం అంచు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, దెబ్బ బలానికి చిన్న చీలికలు కూడా పడతాయి. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ ఉంటుంది. అక్షరాల మొదళ్లు మెత్తగా, సబ్బు మీద గీసినట్టు కనిపిస్తే వదిలేయండి. అదే చోట అదే గాటుతో ఇంకో నాణెం నెట్‌లో కనిపించిందా, కనీసం ఒకటి నకిలీ, రెండూ కూడా కావొచ్చు. ఒకే అచ్చులోంచి రెండు అసలు నాణేలు రావొచ్చు, ఒకే గాటు రెండింటికీ తగలదు.

కొన్నాక దయచేసి చింతపండుతో, పీతాంబరితో తోమకండి. పూజ సామాన్లకి అది బాగానే ఉంటుంది. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉన్న వెండి లోపల పెళుసెక్కి ఉంటుంది, కింద పడితే విరిగిపోవచ్చు కూడా. పైన ఉన్న నలుపు ఏళ్ల తరబడి పట్టినది, తోమితే పోతుంది, ధర కూడా పడిపోతుంది. ఇండియా వచ్చినప్పుడు తెలిసిన కంసాలి దగ్గర గీటురాయి మీద గీయించి చూద్దామన్న ఆలోచన కూడా మానుకోండి. వెండి స్వచ్ఛత తెలిసినంత మాత్రాన నాణెం అసలుదని తేలదు, నకిలీలు కూడా మంచి వెండితోనే చేస్తారు.

మీరు అమెరికాలో ఉన్నారు కాబట్టి కాగితాల విషయం చెప్పక తప్పదు. ఇటలీతో ఉన్న ఒప్పందంలో 2011 జనవరి నుంచి ఇటలీ గ్రీకు నగరాల నాణేలను కూడా చేర్చారు. ఆ తేదీకి ముందే ఇటలీ దాటి వచ్చిందని చూపలేని నాణెం విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. మీరు చూసిన వేలం యూరప్‌లోదైతే పాత వేలం కేటలాగు పేజీ గానీ, పాత రసీదు గానీ, ఎగుమతి అనుమతి గానీ ఉందా అని ముందే అడగండి. అమెరికాలోనే ఉన్న డీలర్ దగ్గరైతే తలనొప్పి తక్కువ, అయినా ఆ కాగితాలు అడిగి తీసుకుని నాణెంతో పాటే దాచండి, రేపు మీరు అమ్మాలనుకున్నా కొనేవాడు అవే అడుగుతాడు. "మా తాతగారి పెట్టెలో దొరికింది" తరహా కథలకి కాగితంతో సమానమైన విలువ ఇవ్వొద్దు.

మీరు పెట్టిన ఫొటోలో రౌతు వైపు, డాల్ఫిన్ వైపు మాత్రమే ఉన్నాయి. అమ్మేవాళ్లని అడిగి అంచు ఫొటో, రెండు దశాంశాలతో బరువు, గుర్రం కింద ఉన్న పేరు స్పష్టంగా కనిపించే దగ్గరి ఫొటో తెప్పించి ఇక్కడే పెట్టండి. పేరు తెలిస్తే అదే అచ్చుతో వచ్చిన ఇంకో నాణెం పాత వేలాల్లో ఉందేమో నేను వెతికి చెప్తాను. అప్పటిదాకా బిడ్ వేయకండి.